ఎస్‌డబ్ల్యూఆర్ 1:1 వచ్చింది, మరి అవతలివాళ్లకు వినపడదేం? హ్యామ్ యాంటెన్నాలపై అపోహలు - వాస్తవాలు

కొత్తగా హ్యామ్ (సరదాకోసం నడిపే అమెచ్యూర్ రేడియో) లైసెన్సు చేతికొచ్చినవాళ్లు ముందు అడిగేది "ఏ రేడియో కొనమంటారు?" అనే. యాంటెన్నా ఎక్కడ కడతారు, కేబుల్ ఎంత పొడవు పడుతుంది అని ఎదురు అడిగితే కాస్త నీరసపడతారు. రేడియో బల్ల మీద కనపడుతుంది, నలుగురికీ చూపించుకోవచ్చు. కేబుల్ గోడ వెనకాల పోతుంది. అందుకే డబ్బంతా రేడియోకి పెట్టి, మిగిలిన చిల్లరతో కేబుల్ కొంటారు. హ్యామ్ స్టేషన్లు కట్టిపెట్టే పనిలో నేను వినే అపోహల్లో చాలావాటికి మూలం ఒక్కటే. రేడియోలోంచి బయల్దేరిన వాట్లన్నీ గాల్లోకి చేరతాయనుకోవడం.

అపోహ: ఎస్‌డబ్ల్యూఆర్ 1:1 ఉంటే యాంటెన్నా బ్రహ్మాండంగా పనిచేస్తున్నట్టే.

ఎస్‌డబ్ల్యూఆర్ (స్టాండింగ్ వేవ్ రేషియో) అంటే రేడియోకీ యాంటెన్నా లైన్‌కీ పొత్తు ఎంత కుదిరిందో చెప్పే అంకె, 1:1 అయితే పూర్తిగా కుదిరినట్టు. పరీక్ష కోసం యాంటెన్నా బదులు తగిలించే డమ్మీ లోడ్ సంగతే చూడండి. అది 50 ఓమ్‌ల రెసిస్టర్, అంతే. మీటరు 1:1 చూపిస్తుంది. చాలా యాంటెన్నాలకు అంత చక్కటి రీడింగ్ రాదు. కానీ పంపిన శక్తినంతా వేడి చేసి పారేయడమే దాని పని. అంటే ఎస్‌డబ్ల్యూఆర్ చెప్పేది ఒక్కటే: పంపిన శక్తిలో వెనక్కి ఎంత వస్తోందని. వెనక్కి రానిది గాల్లోకి వెళ్లిందో, తోవలోనే వేడిగా మారిందో ఆ మీటరుకు తెలియదు.

దీనికి నేను తరచూ చెప్పే లెక్క ఒకటుంది. ఆర్‌జీ-58 రకం సన్న కేబుల్ 30 మీటర్లు తీసుకోండి. 435 మెగాహెర్ట్జ్ దగ్గర దానిలో సుమారు 10 డెసిబెల్స్ నష్టం ఉంటుంది, తయారీని బట్టి కొంచెం అటూ ఇటూ. పది డెసిబెల్స్ అంటే పదో వంతు. 50 వాట్లు పంపితే యాంటెన్నాకు చేరేది 5. ఇప్పుడు పైకెక్కి యాంటెన్నాను పూర్తిగా ఊడదీసేయండి. ఆ 5 వాట్లూ తెగిన కొసను తాకి వెనక్కి బయల్దేరతాయి, దారిలో మళ్లీ పదో వంతుకు పడిపోతాయి. రేడియో దగ్గరికి తిరిగొచ్చేది అర వాటు. మీటరు ఎంత చూపిస్తుందో తెలుసా? 1.2 దగ్గర! యాంటెన్నా అసలు లేకపోయినా "భేషుగ్గా ఉంది" అంటుందన్నమాట. కొత్తలో 1.8 ఉన్న ఎస్‌డబ్ల్యూఆర్ కొన్నేళ్లకు దానంతటదే 1.2కి దిగిందని ఎవరైనా సంబరపడుతుంటే నేను ముందు కేబుల్‌లోకి నీళ్లు దిగాయేమో చూస్తాను.

అందుకే కొలత వీలైతే యాంటెన్నా కాళ్ల దగ్గర, చిన్న ముక్క కేబుల్‌తో తీసుకోవాలి. కింద తీసిన కొలతకు విలువ లేదని కాదు, కేబుల్ నష్టం ఎంతో తెలిసినప్పుడే దానికి అర్థం ఉంటుంది.

దీనికి సరిగ్గా ఎదురు అపోహ కూడా ఉంది: 2:1 వస్తే కొంప మునిగినట్టే అని. లెక్క చూస్తే 1.5:1 దగ్గర వెనక్కి వచ్చేది 4 శాతం, 2:1 దగ్గర 11 శాతం, 3:1 దగ్గర 25 శాతం. ఆ వచ్చిందంతా కూడా వృథా కాదు. నష్టం తక్కువున్న కేబుల్‌లో, మధ్యలో ట్యూనర్ (రేడియోకీ లైన్‌కీ పొత్తు కుదిర్చే పెట్టె) ఉంటే, చాలావరకు మళ్లీ యాంటెన్నా వైపే పోతుంది. అసలు ఇబ్బంది రేడియోది. ఇప్పటి ట్రాన్సిస్టర్ రేడియోలు 2:1 దాటాక తమను కాపాడుకోవడానికి పవర్ తగ్గించేసుకుంటాయి. 7 మెగాహెర్ట్జ్ డైపోల్‌కి (మధ్యలో కేబుల్ తగిలించే రెండు చేతుల తీగ యాంటెన్నా) 1.6 వచ్చిందని రెండు రోజులు తీగ కత్తిరిస్తూ కూర్చునేవాళ్లను చూస్తే జాలేస్తుంది. ఆ తేడా అవతలి స్టేషన్‌లో ఎవరి చెవికీ అందదు.

అపోహ: ట్యూనర్ పెడితే యాంటెన్నా ట్యూన్ అవుతుంది.

పేరు అలా పెట్టారు గానీ బల్ల మీది ట్యూనర్ యాంటెన్నాను ముట్టుకోదు. రేడియోకి 50 ఓమ్‌లు కనిపించేలా చేసి దాన్ని ఒప్పిస్తుంది, అంతే. ట్యూనర్‌కీ యాంటెన్నాకీ మధ్యనున్న కేబుల్‌లో ఎస్‌డబ్ల్యూఆర్ ఎంతుందో అంతే ఉంటుంది, నష్టమూ అలాగే ఉంటుంది. 7 మెగాహెర్ట్జ్‌కి కట్టిన డైపోల్‌ను కోయాక్స్‌తో (మధ్య తీగ చుట్టూ షీల్డ్ ఉండే మామూలు కేబుల్) 14 మెగాహెర్ట్జ్‌లో వాడాలని చూస్తే ట్యూనర్ మ్యాచ్ చూపిస్తుంది, కేబుల్ వెచ్చబడుతుంది. అదే డైపోల్‌కి రెండు సమాంతర తీగల ల్యాడర్ లైన్ వాడి, దాని చివర ట్యూనర్ పెడితే మాత్రం కథ మారుతుంది. ఆ లైన్‌లో నష్టం చాలా తక్కువ కాబట్టి ఎక్కువ ఎస్‌డబ్ల్యూఆర్‌ను కూడా భరిస్తుంది. కోయాక్స్ తప్పదంటే ట్యూనర్‌ను యాంటెన్నా కొసనే పెట్టండి.

అపోహ: పవర్ పెంచితే దూరం పెరుగుతుంది.

వాకీటాకీ అట్ట మీద "30 కిలోమీటర్లు" అని రాసి ఉంటుంది. వీహెచ్‌ఎఫ్ (30-300 మెగాహెర్ట్జ్), యూహెచ్‌ఎఫ్ (300-3000 మెగాహెర్ట్జ్) తరంగాలు దాదాపు చూపు మేరకే పోతాయి. రేడియో దిగంతం ఎంత దూరమో తేలిగ్గా లెక్కేయొచ్చు: యాంటెన్నా ఎత్తు మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 4.12తో గుణిస్తే కిలోమీటర్లు వస్తాయి. మనిషి చేతిలో, మీటరున్నర ఎత్తులో ఉన్న సెట్‌కి ఇది 5 కిలోమీటర్లు. అవతల కూడా అలాంటిదే ఉంటే మొత్తం 10. అదీ మధ్యలో చెట్టూ చేమా, గోడలూ ఏమీ లేని చదును నేల మీద. ఒకవైపు యాంటెన్నాను 10 మీటర్ల ఎత్తుకు లేపితే 18 అవుతుంది. 5 వాట్లను 10 చేసినా ఆ గీత జరగదు. కొంత సిగ్నల్ వంగి, అక్కడక్కడా తగిలి తిరిగొచ్చి, దిగంతం అవతల కూడా వినపడొచ్చు. కానీ దాన్ని నమ్ముకుని స్టేషన్ కట్టలేం. అడ్డు లేకపోతే ఏమవుతుందో తెలియాలంటే సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున తిరిగే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం నెత్తిమీదకు వచ్చినప్పుడు 145.800 మెగాహెర్ట్జ్ పెట్టి వినండి. అక్కడి హ్యామ్ స్టేషన్ ఆన్‌లో ఉంటే చేతిలోని చిన్న సెట్‌లోనే వినపడుతుంది.

హెచ్‌ఎఫ్‌లోనూ (3-30 మెగాహెర్ట్జ్) అంతే. 50 వాట్ల నుంచి 100కి వెళ్తే పెరిగేది 3 డెసిబెల్స్. సిగ్నల్ బలం చూపే ఎస్ మీటరు మీద ఒక గీతకు 6 డెసిబెల్స్ అన్నది ప్రమాణం, అంటే సగం గీత. సిగ్నల్ పెరిగి తగ్గే ఫేడింగ్‌లో అది కొట్టుకుపోతుంది. పైగా పవర్ పెంచితే మనం వినేది ఏమీ మెరుగుపడదు. మంచి యాంటెన్నా, మంచి కేబుల్ మాత్రం పంపడానికీ వినడానికీ రెంటికీ పనికొస్తాయి. 435 మెగాహెర్ట్జ్ దగ్గర అదే 30 మీటర్లకు లావుపాటి ఆర్‌జీ-213 వాడితే పంపిన శక్తిలో మూడో వంతు మిగులుతుంది, ఎల్‌ఎమ్‌ఆర్-400 రకం అయితే సగానికి కాస్త ఎక్కువే. ఆర్‌జీ-58 మాత్రం ఎందుకూ పనికిరాదనుకోకండి. 7 మెగాహెర్ట్జ్ దగ్గర 30 మీటర్లలో అది తినేది ఒక డెసిబెల్ పైచిలుకే. అక్కడ లావు కేబుల్ మోయడం అనవసరం.

అపోహ: రేడియోకి విడిగా ఒక ఎర్త్ రాడ్ దిగ్గొడితే అన్నీ సర్దుకుంటాయి.

ఈ ఎర్త్ విషయంలో జరిగినంత గందరగోళం మరెక్కడా జరగదు. కారణం, ఒకే మాట కింద మూడు వేరు వేరు పనులు కలిసిపోయాయి. షాక్ కొట్టకుండా ఉండేందుకు కరెంటు ఎర్త్ ఒకటి. పిడుగు శక్తిని నేలలోకి మళ్లించేది రెండోది. రేడియో తరంగాల ఎర్త్ మూడోది.

మూడోదానితో మొదలుపెడదాం. డైపోల్‌కి ఆ ఎర్త్ అక్కర్లేదు, దాని రెండు చేతులూ ఒకదానికొకటి బదులిచ్చుకుంటాయి. పావు తరంగదైర్ఘ్యపు నిలువు యాంటెన్నాకు మాత్రం రెండో సగం కావాలి. ఆ పని యాంటెన్నా అడుగు నుంచి చుట్టూ పరిచే రేడియల్ తీగలది, రాడ్‌ది కాదు. నేల మీద పరిచే రేడియల్స్ కొలత తప్పకూడదన్న నియమమేమీ లేదు. నాలుగు పొడవాటివి వేసే బదులు అంతే తీగను పదహారు పొట్టివాటిగా కోసి చుట్టూ పరిస్తే మేలు. గాలిలో ఎత్తున కట్టేవాటికైతే కొలత ఉండాలి, నాలుగు చాలు.

ఇక మేడ మీది గదిలోంచి కిందికి లాగిన ఎర్త్ తీగ. 28 మెగాహెర్ట్జ్ దగ్గర పావు తరంగదైర్ఘ్యం రెండున్నర మీటర్లు దాటి కాస్త. ఎర్త్ తీగ పొడవు దాని దగ్గరకు వచ్చిందంటే నేల కొస తక్కువ ఇంపెడెన్స్ (కరెంటుకు ఎదురయ్యే అడ్డు), రేడియో కొస చాలా ఎక్కువ ఇంపెడెన్స్. అంటే ఆ పౌనఃపున్యంలో రేడియోకి ఎర్త్ ఉన్నట్టే కాదు. తీగే ఒక యాంటెన్నాగా మారి మైక్ పట్టుకుంటే చురుక్కుమనిపిస్తుంది.

పిడుగు సంగతి ఇంతకంటే ముఖ్యం. రేడియో రాడ్‌ని ఇంటి కరెంటు ఎర్త్‌తో కలపకుండా విడిగా వదిలేస్తే, దగ్గర్లో పిడుగు పడినప్పుడు ఆ రెండింటి మధ్య వేల వోల్టుల తేడా రావచ్చు. ఆ రెంటినీ కలిపే దారి మీ రేడియోనే అవుతుంది, ఒకవైపు కోయాక్స్, ఇంకోవైపు పవర్ సప్లై. కాబట్టి ఎన్ని రాడ్లున్నా లావుపాటి తీగతో అన్నిటినీ కలపాలి. పిడుగు శక్తిని నేలకు మళ్లించే అరెస్టర్‌ను కేబుల్ ఇంట్లోకి వచ్చే చోట పెట్టాలి, బల్ల దగ్గర కాదు. ఇదంతా చేసినా నేరుగా పిడుగు పడితే ఏదీ పూచీ ఇవ్వలేదు. ఉరుములు మొదలుకాక ముందే కోయాక్స్, పవర్ ప్లగ్ రెండూ ఊడదీసి, కోయాక్స్ కొసను ఇంటి బయటే వదిలేయండి. ఉరుములు వినపడుతుంటే అది ముట్టుకోకండి. ఆ సమయం అప్పటికే దాటిపోయింది.

అపోహ: కోయాక్స్‌ను సరిగ్గా ఫలానా పొడవుకే కోయాలి.

యాంటెన్నా 50 ఓమ్‌లకు దగ్గరగా ఉంటే కేబుల్ ఎంత పొడవైనా ఫర్వాలేదు, పొట్టిదైతే ఇంకా మంచిది. పొడవు మార్చగానే ఎస్‌డబ్ల్యూఆర్ బాగా మారుతోందంటే అది రోగం కాదు, లక్షణం: కేబుల్ షీల్డ్ బయటి పొర మీద కూడా కరెంటు పారుతోంది, కేబుల్ కూడా యాంటెన్నాలో భాగమైపోయింది. పరీక్ష తేలిక. మధ్యలో ఒక మీటరు ముక్క కలిపి చూడండి. రీడింగ్ గెంతితే యాంటెన్నా దగ్గర ఆ బయటి కరెంటును ఆపే చోక్ పెట్టాలి. హెచ్‌ఎఫ్‌కైతే 31 రకం ఫెర్రైట్ రింగు లోంచి కోయాక్స్‌ను కొన్ని చుట్లు తిప్పితే చాలు. ఇలా చేశాక వినేటప్పుడు ఇంట్లోని ఎల్‌ఈడీ బల్బులు, ఛార్జర్ల రొద కూడా తగ్గడం చాలాసార్లు చూశాను. ఆ రొద కేబుల్ బయటి పొర మీదుగానే ఎక్కుతుంది మరి.

చిన్న సెట్ల మీద ఉన్న అపోహలు గబగబా చెప్పేస్తాను. పెద్ద అవుట్‌డోర్ యాంటెన్నా తగిలిస్తే చిన్న హ్యాండ్‌హెల్డ్ అమోఘంగా వింటుందనుకుంటారు. చవక సెట్లలో ముందుభాగం ఫిల్టర్లు బలహీనం. బలమైన స్టేషన్లన్నీ ఒక్కసారిగా లోపలికొచ్చి సెట్ చెవిటిదైపోతుంది, రబ్బరు యాంటెన్నాతో వినపడ్డ రిపీటర్ (సిగ్నల్‌ను అందుకుని మళ్లీ పంపే స్టేషన్) కూడా మాయమవుతుంది. బరువైన కేబుల్ వేలాడితే దాని చిన్న కనెక్టర్ కూడా ఊడొస్తుంది. 145 మెగాహెర్ట్జ్‌కి మెరుగు కావాలంటే సెట్‌తో వచ్చిన పొట్టి యాంటెన్నా బదులు అర మీటరు దగ్గరగా ఉండే పావు తరంగదైర్ఘ్యపు విప్ (సన్న కడ్డీ యాంటెన్నా) పెట్టండి. లేదా యాంటెన్నా మొదట్లో, కనెక్టర్ బయటి లోహానికి 49 సెంటీమీటర్ల తీగ ఒకటి వేలాడదీయండి. ఖర్చు దాదాపు లేదు.

గెయిన్ (యాంటెన్నా శక్తిని ఒకవైపుకు ఎంత కూడగడుతుందన్నది) అంకెలు చూసి మోసపోకండి. డీబీఐ (అన్ని వైపులా సమానంగా పంపే ఊహా యాంటెన్నాతో పోల్చినది) అని రాస్తే డీబీడీ (డైపోల్‌తో పోల్చినది) కన్నా 2.15 ఎక్కువగా కనపడుతుంది, యాంటెన్నా అదే. ఏ సంగతీ చెప్పకుండా ఉత్త "డీబీ" అని రాసినదాన్ని నేను లెక్కలోకే తీసుకోను. గెయిన్ ఎక్కువున్న పొడవాటి నిలువు యాంటెన్నా శక్తిని దిగంతం వైపు పల్చగా అణిచి పంపుతుంది. రిపీటర్ కొండ మీద, మీరు దాని కిందనే ఉంటే, తక్కువ గెయినున్నదే నయం.

"డైపోల్‌ను ఎత్తుకు లేపలేను, ఇక హెచ్‌ఎఫ్ వద్దు" అని మానుకునేవాళ్లకు ఒక మాట. 7 మెగాహెర్ట్జ్ డైపోల్ మొత్తం పొడవు సుమారు 20 మీటర్లు. దాన్ని ఆరేడు మీటర్ల ఎత్తులో కడితే సిగ్నల్ ఎక్కువగా పైకి వెళ్లి, అయనోవరణాన్ని తాకి, చుట్టూ కొన్ని వందల కిలోమీటర్ల మేర కిందికి దిగుతుంది. ఖండాలు దాటాలంటే ఎత్తు కావాలి, పగటిపూట పక్క జిల్లాలతో మాట్లాడాలంటే ఇదే హాయి. తొడుగున్న తీగ వాడితే లెక్కకన్నా కొద్ది శాతం పొట్టిగా కోయాల్సి వస్తుంది. అందుకని మొదట పొడవుగానే కట్టి తగ్గించుకుంటూ రండి.

కరెంటు తీగల సంగతి కూడా తక్కువ అంచనా వేస్తారు. 100 వాట్ల రేడియో ట్రాన్స్‌మిట్‌లో 20 ఆంపియర్ల దాకా లాగుతుంది. బ్యాటరీ నుంచి వచ్చే సన్న తీగల్లో 0.1 ఓమ్ ఉన్నా 2 వోల్టులు అక్కడే పోతాయి. 13.8 ఉండాల్సిన చోట 11.8. మాట గరగరలాడుతోందని మైక్ మార్చేవాళ్లలో సగంమందికి మార్చాల్సింది తీగ.

అపోహ: పీఎల్-259 కనెక్టర్‌ని "యూహెచ్‌ఎఫ్ కనెక్టర్" అంటారు కాబట్టి యూహెచ్‌ఎఫ్‌కి అదే సరైనది, నీళ్లకూ తట్టుకుంటుంది.

ఆ పేరు 1930ల నాటిది. అప్పట్లో 30 మెగాహెర్ట్జ్ దాటితే యూహెచ్‌ఎఫ్ కిందే లెక్క. హెచ్‌ఎఫ్‌కి అది దివ్యంగా సరిపోతుంది, 145 దగ్గరా సర్దుకుంటుంది. 435కి, ముఖ్యంగా బయట, నేను ఎన్ కనెక్టరే వేస్తాను. పీఎల్-259లో నీటిని ఆపే ఏర్పాటేదీ లేదు. బిగించాక తనంతట తానే అతుక్కుపోయే రబ్బరు టేపును సాగదీస్తూ చుట్టి, దాని మీద పీవీసీ టేపు కింది నుంచి పైకి చుట్టండి. అలా చుడితే ఒక పొర మీద ఇంకో పొర ఇంటి పెంకుల్లా పడి నీళ్లు జారిపోతాయి. పై నుంచి కిందికి చుడితే ప్రతి పొరా నీళ్లను లోపలికే పంపుతుంది. వెనిగర్ వాసనొచ్చే సిలికాన్ మాత్రం పూయకండి, దాన్నుంచి వచ్చే ఆమ్లం రాగిని తినేస్తుంది. కేబుల్ గోడలోకి దూరే ముందు ఒక వంపు కిందికి వదలండి, చుక్కలు అక్కడే రాలిపోతాయి. ఏడాదికోసారి టేపు విప్పి చూడండి. రాగి అల్లిక నల్లబడి ఉంటే కనెక్టర్ మార్చి లాభం లేదు, నీరు దానెంట లోపలికి పాకేసి ఉంటుంది. నల్లదనం పోయేదాకా కేబుల్ కోసుకుంటూ వెళ్లాలి, లేదంటే మొత్తం కేబులే మార్చాలి.