కారణం లేని గాబరా: నేను రోజూ వినే అపోహలు

"డాక్టర్ గారూ, నాకు ఏ కష్టమూ లేదండీ. అయినా పొద్దున లేవగానే గుండెల్లో బుగులు."

మా క్లినిక్‌లో ఈ మాట చెప్పేటప్పుడు చాలామంది తల దించుకుంటారు. ఇల్లుంది, ఉద్యోగముంది, పిల్లలు బాగానే చదువుతున్నారు, అన్నీ ఉండి నాకిదేం రోగం అన్న సిగ్గు. బుగులు అనండి, గాబరా అనండి, పరేషానీ అనండి, హైదరాబాద్‌లో ఎవరు ఏ పేరుతో చెప్పినా లక్షణాలు దాదాపు ఒకటే: గుండె దడ, కడుపులో తిప్పడం, మెడ నరాలు పట్టేయడం, నిద్ర చాలకపోవడం, ఏదో చెడు జరగబోతోందన్న అనుమానం. సైకియాట్రిస్టుగా నేను చూస్తున్నదేమిటంటే, జబ్బు కంటే దాని మీద ఉన్న అపోహలే మనిషిని ఎక్కువ కాలం ఇంట్లో కూర్చోబెడుతున్నాయి.

అపోహ: కారణం లేనిదే భయం రాదు. ముందు ఆ కారణం పట్టుకోవాలి.

కూకట్‌పల్లి నుంచి ఒకావిడ వచ్చేవారు. (గుర్తుపట్టే వివరాలు మార్చాను.) తెల్లవారుజామున నాలుగింటికి మెలకువ వచ్చేది. మంచం అంచున కూర్చుని, అరచెయ్యి గుండె మీద పెట్టుకుని, ఆవిడ ఒక లెక్క మొదలుపెట్టేవారు. బాబు ఫీజు కట్టాం, అమ్మ బీపీ బాగానే ఉంది, ఆయనతో గొడవేం లేదు... మరి ఎందుకు? ఏదీ దొరక్కపోతే, నాకు తెలియని ప్రమాదం ఏదో ఉందని మనసు కీడు శంకించేది. దడ ఇంకా పెరిగేది.

మెదడులో అమిగ్డలా అనే చిన్న భాగం ఉంది. ప్రమాదం వస్తే శరీరాన్ని అప్రమత్తం చేయడం దాని పనుల్లో ఒకటి. కొందరిలో అది పుట్టుకతోనే కాస్త తొందరపడుతుంది. మేనమామకో నాయనమ్మకో ఇదే స్వభావం ఉండి ఉంటుంది. దానికి నెలల తరబడి నిద్ర తక్కువై, ఆఫీసులో ఒత్తిడి కలిసి, రోజుకు నాలుగు కప్పుల టీ తోడైతే, ఏ ప్రమాదమూ లేకుండానే గంట మోగుతుంది. ఇలాంటి చిన్నచిన్నవి పది కలిస్తే వచ్చే బాధకు ఒకే ఒక్క కారణం వెతికితే ఎక్కడ దొరుకుతుంది? ఆవిడకు నేను మొదట చెప్పింది ఇదే: "ఆ లెక్క ఆపేద్దామమ్మా. కారణం తెలియకపోయినా ఇది తగ్గుతుంది."

లెక్క ఆపడం చెప్పినంత తేలిక కాదు. అందుకే ఒక నోట్‌బుక్ పెట్టుకోమన్నాను. సాయంత్రం ఆరింటికి ఇరవై నిమిషాలు, ఆ రోజు దిగుళ్లన్నీ అందులో రాయాలి. నాలుగింటికి మెలకువ వచ్చినప్పుడు పుట్టే ఆలోచనకు మాత్రం "ఆరింటికి చూద్దాం" అని వాయిదా వేయాలి. మూడో వారానికి ఆవిడ పుస్తకం తెచ్చి చూపించారు. చివరి పేజీల్లో రెండేసి లైన్లే ఉన్నాయి.

ఎక్కువ రోజులు ఇలాగే గడుస్తూ, ఆరు నెలలు దాటినా దిగులు చేతికి చిక్కకుండా, నిద్రనూ పనినీ పాడుచేస్తుంటే దాన్ని జనరలైజ్డ్ యాంగ్జైటీ డిజార్డర్ అంటాం. సాయం అడగడానికి మాత్రం ఆరు నెలలు ఆగాల్సిన పని లేదు.

అపోహ: ఇది గుండె జబ్బే. టెస్టుల్లో దొరకడం లేదంతే.

ఒక సాఫ్ట్‌వేర్ కుర్రాడు ప్లాస్టిక్ కవర్‌లో ఫైలు తెచ్చి నా టేబుల్ మీద పెట్టాడు. ఏడు ఈసీజీలు, రెండు ఎకోలు, అన్నీ నార్మల్. రిపోర్టు చూసిన రోజు ప్రాణం కుదుటపడేదట, పది రోజులకు మళ్లీ అనుమానం. ఒకసారి పరీక్షలు చేయించడం తప్పనిసరి, నేనూ చేయిస్తాను. థైరాయిడ్ ఎక్కువగా పనిచేసినా, రక్తం తక్కువున్నా, ఆస్తమాకు వాడే సాల్బుటమాల్ వల్లా దడ రావచ్చు. రాత్రి మద్యం తాగినవారికి మర్నాడు వచ్చే గాబరా కూడా ఇలాగే ఉంటుంది. ఇవన్నీ చూశాక కూడా నెలనెలా ఈసీజీ తీయించుకుంటే అది అనుమానానికి మేత వేయడమే.

ఒక్క జాగ్రత్త. కొత్తగా ఛాతీలో బరువుగా నొప్పి వచ్చి, చెమటలు పట్టి, నొప్పి చేతికో దవడకో పాకుతుంటే అది టెన్షనే అనుకుని ఇంట్లో కూర్చోకండి. వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి.

అపోహ: భయం వేసిన చోటికి వెళ్లకుండా ఉంటే సరిపోతుంది.

ఆ కుర్రాడికే ఒకరోజు అమీర్‌పేట మెట్రోలో, రైలు మారే గుంపులో, ఊపిరి ఆడలేదు. మర్నాటి నుంచి మెట్రో మానేశాడు. తర్వాత లిఫ్టు, ఆ తర్వాత సినిమా హాలు. మానేసిన ప్రతిసారీ హాయిగా ఉంటుంది, అదే చిక్కు. వెళ్లలేదు కాబట్టే బతికానని మెదడు నేర్చుకుంటుంది.

మానేసిన చోట్లకే కొద్దికొద్దిగా తిరిగి వెళ్లడం మొదలుపెట్టాం. మొదటి వారం దిల్‌సుఖ్‌నగర్ నుంచి మూసారాంబాగ్ దాకా, ఒక్క స్టేషన్. దడ వచ్చినా దిగకూడదు, ఫోన్‌లో తల దూర్చకూడదు, దాన్ని రానివ్వాలి. ఇలా ఒక్కసారిగా ముంచుకొచ్చే గాబరా, అంటే ప్యానిక్ అటాక్, సాధారణంగా పది నిమిషాల్లో పతాక స్థాయికి చేరి, తర్వాత దానంతటదే దిగిపోతుంది. ఇది నేను చెబితే అతను నమ్మలేదు, రైల్లో నిలబడి వాచీ చూసుకున్నాక నమ్మాడు. అమీర్‌పేటలో మళ్లీ రైలు మారడానికి రెండు నెలలు పట్టింది.

అపోహ: గాబరా వస్తే గట్టిగా గాలి పీల్చుకోవాలి.

ఇంట్లో అందరూ ఇచ్చే సలహా ఇదే. గబగబా పెద్దపెద్ద ఊపిర్లు తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి, వేళ్లు తిమ్మిరెక్కుతాయి, తల తిరుగుతుంది. భయం రెట్టింపవుతుంది. మామూలుగా పీల్చండి, వదలడం మాత్రం నెమ్మదిగా. నాలుగు అంకెలు లోపలికి, ఆరు అంకెలు బయటికి. బాగున్న రోజుల్లోనే అలవాటు చేసుకుంటే అవసరానికి అందుతుంది.

అపోహ: పనీపాటా లేనివాళ్లకే ఇవన్నీ.

నా దగ్గరికి డబుల్ డ్యూటీ చేసే నర్సులు వస్తారు, పన్నెండు గంటలు ఆటో నడిపేవారు వస్తారు. ఇంతకన్నా చెప్పడానికేమీ లేదు.

అపోహ: ఈ మందులు మొదలుపెడితే జన్మంతా వదలవు.

ఇక్కడ రెండు రకాల మందులు కలిసిపోయి జనాన్ని భయపెడుతున్నాయి. అల్ప్రాజోలం లాంటివి అరగంట, గంటలో పనిచేస్తాయి, నెలల తరబడి వాడితే అలవాటూ అవుతాయి. తెలిసినవాళ్లు ఇచ్చిన స్ట్రిప్‌తో మొదలుపెట్టి ఏళ్లుగా వాడుతున్నవారిని చూస్తుంటాను. వాళ్లకు నా మనవి: ఒక్కసారిగా ఆపకండి, ఫిట్స్ రావచ్చు, డాక్టర్ చెప్పినట్టు కొద్దికొద్దిగా తగ్గించాలి. ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రాలిన్ లాంటివి వేరు. వాటికి వ్యసనం పట్టదు. గుణం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది, మొదటి రోజుల్లో గాబరా కాస్త పెరిగినట్టు ఉండవచ్చు. అక్కడే చాలామంది మానేస్తారు. బాగయ్యాక కొన్ని నెలలు కొనసాగించి, వీటినీ మెల్లగా తగ్గిస్తాం. అందరికీ మందులు అవసరం లేదు, కొందరికి సీబీటీ అనే మాటల చికిత్స ఒక్కటే చాలు.

దిష్టి తీయించుకోవడం గురించి కూడా అడుగుతారు. పెద్దావిడ ప్రేమగా ఉప్పు, మిరపకాయలు తిప్పితే నాకేం అభ్యంతరం లేదు. దానితో సరిపెట్టుకుని చికిత్స వాయిదా వేయకండి.

అపోహ: మనసు డాక్టర్ దగ్గరికి వెళ్తే పిచ్చి ముద్ర పడుతుంది.

మన ఊళ్లో 'ఎర్రగడ్డ' అనే పేరునే తిట్టుగా వాడతారు. ఆ మాట విన్న ప్రతిసారీ నాకు బాధేస్తుంది. అక్కడి ప్రభుత్వ మానసిక ఆరోగ్య సంస్థకు నిద్ర పట్టనివారు, దడతో బాధపడేవారు కూడా ఓపీకి వచ్చి, మందులు తీసుకుని ఇంటికి వెళ్తుంటారు. గాంధీ, ఉస్మానియా ఆసుపత్రుల్లోనూ సైకియాట్రీ విభాగాలున్నాయి. ఇంట్లోంచి కదలలేని రోజున, చనిపోవాలన్న ఆలోచన వచ్చిన రోజున మరీ ముఖ్యంగా, 14416కు ఫోన్ చేయండి. 2022లో మొదలైన టెలిమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ నంబరు అది. ఉచితం, రాత్రీపగలూ ఉంటుంది, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఏం కష్టమో చెప్పలేకపోయినా ఫర్వాలేదు. "ఎందుకో తెలీదు, భయంగా ఉంది" అని మొదలుపెడితే చాలు.