గొట్టాన్ని ఎటు కోశావు?

"అల్ట్రాసౌండ్ స్కానింగ్‌లో ప్రోబ్ అనే చేతి పరికరాన్ని ఒంటికి ఆనిస్తే బొమ్మ దానంతటదే వస్తుంది కదా, మెడికల్ స్టూడెంట్లకు అందులో నేర్పడానికి ఏముంటుంది?" అని ఒక పాఠకుడు అడిగారు. శబ్దతరంగాలు లోపలికి వెళ్లి, తగిలి, తిరిగొస్తాయన్నది చాలామంది చదివిందే, వదిలేద్దాం. అసలు చిక్కు జామెట్రీలో ఉంది.

ప్రోబ్ కింద ఉన్నదంతా తెర మీదికి రాదు. కొన్ని మిల్లీమీటర్ల మందంలో, రేకులాంటి ఒక్క పొర మాత్రమే వస్తుంది. అంటే చేతిలో ఉన్నది కెమెరా కాదు, కత్తి.

ఒక గొట్టం ఊహించుకోండి. అడ్డంగా కోస్తే గుండ్రం, నిలువునా కోస్తే రెండు గీతలు, ఏటవాలుగా కోస్తే కోడిగుడ్డు ఆకారం. పొట్టలో వెన్నెముక ముందు నుంచి దిగే బృహద్ధమని అలాంటి గొట్టమే. దాని వెడల్పు 3 సెంటీమీటర్లకు చేరితే అన్యూరిజం, అంటే ఉబ్బు అంటారు. ఇప్పుడు 2.4 సెంటీమీటర్ల మామూలు ధమనిని 45 డిగ్రీల వాలులో కోసి, గుడ్డును పొడవువైపు కొలిస్తే? 3.4! లేని జబ్బు పుట్టింది.

నిలువు కోత ఇంకా మోసకారి. 3.2 సెంటీమీటర్ల ధమనిని నడిమధ్యలో కాకుండా 8 మిల్లీమీటర్లు పక్కకు కోస్తే కొలత 2.8 లోపే వస్తుంది. ఉన్న జబ్బు మాయం. తెర మీద రెండు గీతలూ బుద్ధిగా ఉంటాయి కాబట్టి అనుమానమూ రాదు. అందుకే రెండు కోతల్లోనూ చూడాలి.

"మిషనే చెప్పింది" అనడం నా దృష్టిలో మూఢనమ్మకమే. ఒంట్లో ఎక్కడైనా ధ్వని సెకనుకు 1540 మీటర్లు వెళ్తుందని అనుకుని మిషన్ లోతు లెక్కగడుతుంది. కొవ్వులో ఆ వేగం సుమారు 1450 మాత్రమే. కాబట్టి కొవ్వు వెనక ఉన్నది కాస్త లోతుగా కనిపిస్తుంది.

బొమ్మ కుదరకపోతే స్టూడెంట్ చేతిలోంచి ప్రోబ్ లాక్కునే టీచర్లుంటారు. దానివల్ల బొమ్మ బాగుపడుతుంది, పిల్లవాడు కాదు. నేనైతే "90 డిగ్రీలు తిప్పితే ఏం కనిపిస్తుంది?" అని ముందు కాగితం మీద గీయించి, తర్వాతే తిప్పనిస్తాను.

నరంలోకి సూది పెట్టేటప్పుడు ఇదే జామెట్రీ టెన్షన్ పెడుతుంది. అడ్డకోతలో సూది తెల్లటి చుక్కలా మెరుస్తుంది. అది మొనా, నడుమా? రెండూ ఒకేలా ఉంటాయి. చుక్క నరం మధ్యలోనే కనిపిస్తున్నా, మొన అవతలి గోడ దాటిపోయి ఉండొచ్చు. ప్రోబ్‌ను సూది వెళ్లే దిక్కుకే మెల్లగా జరపాలి. చుక్క ఎక్కడ మాయమైతే మొన అక్కడుంది.