వంశధారలో వరద, పిన్ని వేసుకునే గొట్టం మాత్ర

మొన్న శ్రీకాకుళంలో డే అండ్ నైట్ జంక్షన్ దగ్గర మందులు కొనుక్కుని ఇంటికొచ్చాక, మా పిన్ని కళ్ళజోడు పెట్టుకుని స్ట్రిప్పు అటూ ఇటూ తిప్పి చూసి "ఇదేటిరా బాబూ, అట్ట మారిపోనాది, ఇది మన మందేనా?" అని అడిగింది. పిన్నికి ముట్లు ఆగిపోయి రెండేళ్ళయింది, రాత్రుళ్ళు ఒళ్ళంతా ఆవిర్లు, చెమటలు, నిద్ర లేదు. డాక్టరమ్మ ఈస్ట్రోజెన్ రాసింది, గర్భసంచి ఉంది కాబట్టి దాని లోపలి పొర మందం అయిపోకుండా తోడుగా ప్రొజెస్టిరాన్ గొట్టం మాత్ర (క్యాప్సూల్) కూడా రాసింది. ఇప్పుడు షాపులో ఇచ్చింది వేరే కంపెనీది. మందు పేరు అదే, 200 మిల్లీగ్రాములూ అదే. కంపెనీ మారితే ఒంటికి వేడి చేస్తుందని పక్కింటావిడ చెప్పిందట.

వేడి సంగతి పక్కన పెడితే పిన్ని అడిగింది మాత్రం అసలైన ప్రశ్న. 200 మిల్లీగ్రాములు అంటే గొట్టంలో ఉన్నది, రక్తంలోకి చేరేది కాదు. ఆ రెండిటి మధ్య చాలా దూరం ఉంది.

నేను ఫార్మసీ పిల్లలకి పాఠాలు చెప్తాను. ఏరియా అండర్ కర్వ్ అంటే ఏంటి అని అడిగితే పుస్తకంలో నిర్వచనం గడగడా అప్పజెప్తారు, అది ఏం కొలుస్తుందో మాత్రం ఒక్కరూ చెప్పరు, వాళ్ళ తప్పు కాదు, మనం అలా నేర్పాం. అందుకే ఒక వానాకాలం వాళ్ళని నాగావళి వంతెన మీద నించోబెట్టాను. మన జిల్లా పిల్లలకి క్యూసెక్కు, టీఎంసీ అంటే ఎవరూ చెప్పక్కర్లేదు కదా. ఒడిశాలో గట్టి వాన పడితే గొట్టా బ్యారేజీ దగ్గర ఎన్ని క్యూసెక్కులు వస్తోందో టీవీలో స్క్రోలింగ్ చూస్తూ కూర్చుంటాం. ఈ క్షణాన ఎంత జోరుగా పోతోందో చెప్పేది క్యూసెక్కు, మొత్తం మీద ఎంత నీరు పోయిందో చెప్పేది టీఎంసీ. 11,574 క్యూసెక్కులు ఒక రోజంతా పారితే ఒక టీఎంసీ. అదే టీఎంసీ ఆరు గంటల్లో పోవాలంటే 46 వేల క్యూసెక్కులు దాటి రావాలి. రెండు వరదల్లోనూ నీరు ఒకటే, కానీ గట్టు కింద ఊరోడికి రెండూ ఒకటేనా?

మందు కూడా అంతే. వేసుకున్నాక రక్తంలో మందు మెల్లగా పెరిగి, ఒక శిఖరానికి చేరి, మళ్ళీ దిగిపోతుంది, దాన్ని కాగితం మీద గీతగా గీస్తారు. ఆ శిఖరం ఎత్తు క్యూసెక్కుల లెక్కలాంటిది, మొదటి నుంచి చివరి దాకా గీత కింద ఉన్న మొత్తం వైశాల్యం, అంటే ఏరియా అండర్ కర్వ్, టీఎంసీ లెక్కలాంటిది. కొత్త కంపెనీ మాత్ర పాతదాంతో సమానం అనాలంటే రెండూ కలవాలి. మొత్తం ఒకటేగా ఉండి శిఖరం మాత్రం ఎక్కువైతే మగత, తల తిరుగుడు ఎక్కువవ్వొచ్చు (ప్రొజెస్టిరాన్ మగత తెప్పిస్తుంది, అందుకే పడుకునే ముందు వేసుకోమంటారు). మొత్తమే తగ్గిపోతే గర్భసంచికి కాపలా పల్చబడుతుంది.

మరి ఆ గీత గీసేది ఎలా? నది గేజీ దగ్గర మనిషి గంటగంటకీ నీటి మట్టం రాసినట్టే, పరీక్షకి ఒప్పుకుని మందు వేసుకున్నవాళ్ళ చేతికి సూది పెట్టి ఉంచి వరసగా రక్తం తీస్తారు. పక్కపక్కన ఉన్న రెండు రీడింగుల సగటు తీసి మధ్యలో గడిచిన టైముతో గుణించి అన్నీ కలుపుకుంటూ పోవడమే వైశాల్యం, ఇంకేం మంత్రం లేదు. ఆరు గంటలకోసారి కొలిస్తే అర్ధరాత్రి వచ్చి పోయిన వరద శిఖరం మన పుస్తకంలో ఉండదు. ఈ మందు శిఖరం సుమారు మూడు గంటల్లోపే వచ్చేస్తుంది కాబట్టి మొదట్లో దగ్గరదగ్గరగా తీసి తర్వాత ఎడం పెంచుతారు.

ఇక నాకు బాగా ఇష్టమైన చోటు ఇదే. ప్రొజెస్టిరాన్ బయట నుంచి వచ్చే మందే కాదు, ఆడవాళ్ళ ఒంట్లో సొంతంగా తయారయ్యేది కూడా. ముట్లు వచ్చే వయసులో నెలసరి చక్రం మొదటి సగంలో రక్తంలో మిల్లీలీటరుకి ఒక నానోగ్రాము కూడా ఉండదు, అండం విడుదలయ్యాక 10, 15, కొందరిలో 20 దాకా పోతుంది. వానాకాలంలో వంశధార నిండుగా పారుతుంటే పైనుంచి గేటెత్తి వదిలిన నీళ్ళెన్నో, నది సొంత నీళ్ళెన్నో విడదీసి చెప్పగలరా? ఎండాకాలంలో, ఇసుక మధ్యన సన్నటి పాయ మాత్రమే ఉన్నప్పుడు వదిలితే ప్రతి చెంబూ లెక్కకొస్తుంది. ముట్లాగిన ఆరోగ్యవంతులైన ఆడవాళ్ళనే ఈ పరీక్షలకి పిలవడానికి కారణం అదే. వాళ్ళ సొంత ప్రొజెస్టిరాన్ తక్కువ, పైగా రోజు రోజుకీ ఊగిసలాడదు. మందు వేసుకునే ముందే రక్తం తీసి ఆ సన్నపాయ ఎంతో చూసి, దాన్ని కూడా తీసేస్తారు. ముట్లాగిపోతే ఇంకేముందిలే, ఎండిన చెట్టు అనే మాట మన ఇళ్ళల్లో ఇప్పటికీ వినబడుతుంది, నాకు ఒళ్ళు మండుతుంది. ఆ నిలకడ లేకపోతే ఈ మందు లెక్క తేలేదే కాదు, దాన్ని వేసుకునే ప్రతి ఆడమనిషీ ఆ లెక్కని నమ్ముకునే వేసుకుంటోంది.

ఇంకో జాగ్రత్త ఉంది. వంశధార వరదని నాగావళి వరదతో పోల్చకూడదు, నది నదికీ వాలు వేరు. అందుకే ఒకే మనిషికి ఒకసారి పాత మాత్ర, కొన్నాళ్ళు ఆగి ఒంట్లోంచి అది పూర్తిగా పోయాక కొత్త మాత్ర ఇస్తారు, సగం మందికి ముందు పాతది, సగం మందికి ముందు కొత్తది. దీన్నే క్రాస్ఓవర్ పరీక్ష అంటారు. ఆవిడకి ఆవిడే పోటీ. కొత్తదాన్ని పాతదాంతో భాగిస్తే వచ్చే నిష్పత్తి, దాని 90 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ (అసలు నిష్పత్తి ఎంత నుంచి ఎంత లోపు ఉండొచ్చో లెక్క చెప్పే పరిధి) మొత్తం మామూలుగా 80 నుంచి 125 శాతం లోపల పడాలి. 120 కాకుండా 125 ఎందుకంటే, లెక్క లాగరిథంలో వేస్తారు, ఒకటిని 0.8తో భాగిస్తే 1.25. ఇది చూసి జెనరిక్‌లో (అసలు కంపెనీ కాక వేరే కంపెనీ చేసే అదే మందులో) 20 శాతం మందు తక్కువ వేస్తారు అనుకుంటారు చాలామంది, చదువుకున్నోళ్ళు కూడా. గొట్టంలో ఎంత మందు ఉండాలో దానికి వేరే పరీక్ష ఉంది, ఈ హద్దు రక్తంలోకి చేరినదాని గురించి. అమెరికాలో మందులకి అనుమతిచ్చే ఎఫ్‌డీఏ 1996 నుంచి 2007 దాకా ఆమోదించిన జెనరిక్‌ల మీద జరిగిన 2070 పరీక్షలు కలిపి చూస్తే మొత్తంలో సగటు తేడా 3.56 శాతం, శిఖరంలో 4.35 శాతం.

అసలు ఒకే మందు రెండు రకాలుగా ఎందుకు ఒంటబడుతుంది? పటికబెల్లం ముక్క నీళ్ళలో వేస్తే ఎంతసేపటికి కరుగుతుంది, దంచి వేస్తే ఎంతసేపు? ఒక మిల్లీమీటరు ఘనాన్ని 10 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ముక్కలు చేస్తే పది లక్షల ముక్కలవుతాయి, నీటికి తగిలే ఉపరితలం వంద రెట్లు పెరుగుతుంది. కరిగే వేగానికి నోయెస్, విట్నీ 1897లోనే సమీకరణం రాసిపెట్టారు, ఉపరితలం పెరిగితే ఆ వేగం పెరుగుతుందన్న లెక్కని తర్వాతోళ్ళు అందులో చేర్చారు. ప్రొజెస్టిరాన్ నీళ్ళలో కరగదు, అందుకే మెత్తగా పొడి చేసి నూనెలో కలిపి గొట్టంలో పెడతారు, కొన్నిటిలో వేరుశెనగ నూనె, అది పడనోళ్ళు పెట్టి మీద చదువుకోవాలి. పొడి సైజు మారినా నూనె మారినా వరద మారిపోతుంది. ఇంత చేసినా కాలేయం అడ్డంగా ఉంది, వచ్చిన మందుని ముందే విరిచేస్తుంది. పై ఆయకట్టు రైతులు ముందే పెట్టుకుంటే శివారు పొలానికి ఎంత నీరొస్తుందో మనకి తెలుసు కదా, నోటితో వేసుకున్న ప్రొజెస్టిరాన్‌లో పదో వంతు కూడా రక్తంలోకి అలాగే చేరదు.

ఇదంతా విని పిన్ని "మరి ఆ రక్తం ఇచ్చినోళ్ళెవుల్రా?" అంది. ఆ మాట నేను ముందే చెప్పాల్సింది. మన రాష్ట్రంలో 2011లో పిడుగురాళ్ళ ఆడవాళ్ళని డబ్బాశ చూపి మందుల పరీక్షలకి తీసుకెళ్ళారని వార్తలొచ్చి పెద్ద గొడవైంది. రూల్ ప్రకారం పరీక్ష మంచిచెడ్డలు చూసే ఎథిక్స్ కమిటీ అనుమతి ఉండాలి, ఏం చేస్తారో ఆవిడకి అర్థమయ్యే భాషలో చెప్పి సంతకం తీసుకోవాలి, ఎప్పుడు వద్దనిపిస్తే అప్పుడు కారణం చెప్పకుండా లేచి వెళ్ళిపోవచ్చు. ఆ స్ట్రిప్పు వెనకాల ఎవరో ఒకావిడ రోజంతా చెయ్యి చాపి కూర్చుంది.

పిన్ని కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, భోజనం చేసి వేసుకోవాలా ఖాళీ కడుపునా అని అడిగింది. తిండితో వేసుకుంటే ఈ మందు ఎక్కువ చేరుతుంది, అందుకని రోజుకోలా కాకుండా డాక్టరమ్మ చెప్పిన టైముకే వేసుకో, కంపెనీ మారిందని కూడా ఆవిడకి చెప్పు అన్నాను. పాత స్ట్రిప్పూ కొత్త స్ట్రిప్పూ రెండూ రబ్బరు బ్యాండు వేసి సంచిలో పెట్టుకుంది, వచ్చే వారం చూపించడానికి.