రాత్రి రెండింటికి సూది ఎందుకు?

సీతమ్మధార,
విశాఖపట్నం.

అమ్మడూ, చిన్నోడా,

మీ రైలు దువ్వాడ దాటక ముందే మీ నాన్నమ్మ మీ గురించి అడగడం మొదలుపెట్టింది. ఇప్పుడు బాగుంది. నిన్న సాయంత్రం పెరట్లో మల్లె పందిరి దాకా తనంతట తనే నడిచి వెళ్ళి వచ్చింది. రాత్రి గంజి వద్దని, అత్త చేసిన బీరకాయ పప్పుతో అన్నం తింది.

అమ్మడూ, నీకు ఒక జవాబు బాకీ ఉన్నాను. ఇంటికి పోనని మొండికేసి ఆసుపత్రి గదిలోనే పడుకున్నావే, ఆ రాత్రి సంగతి. నాన్నమ్మకు అప్పుడే కాస్త కన్ను అంటుకుంది. సరిగ్గా రెండు గంటలకు నర్సమ్మ వచ్చి లైటు వేసి, చేతి రక్తనాళంలో పెట్టి ఉంచిన సన్నటి గొట్టం (క్యాన్యులా) లోంచి, క్రిములను చంపే యాంటీబయాటిక్ మందు ఎక్కించింది. నీకు కోపం వచ్చింది. "జ్వరం తగ్గిపోయింది కదా తాతయ్యా, నిద్రపోతున్న మనిషిని లేపి మరీ ఎందుకు? పొద్దున్న వేస్తే ఏం పోయింది?" అన్నావు. పక్క గదిలో వాళ్ళు లేస్తారని నీ నోటి మీద వేలు పెట్టాను. మంచి ప్రశ్న అడిగిన పిల్లను అలా ఊరుకోబెట్టకూడదు. ఆసుపత్రి మందుల స్టోర్‌లో ముప్పై ఏళ్ళు ఫార్మసిస్ట్‌గా పనిచేసినవాణ్ణి, నేనసలే ఊరుకోబెట్టకూడదు. అందుకే ఈ ఉత్తరం.

ముందు మా ఊరి మామిడి మొక్కల గురించి చెప్పాలి.

మా ఊరు ఆనందపురం దగ్గర. ఒక ఏడు మా నాన్న పొలం గట్టున పన్నెండు మామిడి అంట్లు నాటాడు. వేసవిలో ఒక్కో మొక్క మొదట్లో ఒక మట్టి కుండ పెట్టేవాళ్ళం. కుండ అడుగున సన్నటి చిల్లు, ఆ చిల్లులో పాత పంచె పేలిక మెలిపెట్టి దోపేవాళ్ళం. నీళ్ళు చుక్క చుక్కగా దిగేవి. నాన్న ప్రతి కుండ లోపలా మేకుతో ఒక గీత గీశాడు. నీళ్ళు ఆ గీత కిందికి దిగక ముందే మళ్ళీ నింపాలి, దిగాక కాదు. ఆ పని నాది. బావి నుంచి రెండు చేతులా రెండు తపేలాలు మోసుకొచ్చి పోసేవాణ్ణి. కొన్ని కుండలకు చిల్లు పెద్దది, పూటకు రెండుసార్లు పోయాలి. కొన్నింటికి సన్నది, రోజుకోసారి చాలు. ఏ కుండ ఎప్పుడు ఖాళీ అవుతుందో నాకు కంఠతా వచ్చేసింది.

ఇప్పుడు నాన్నమ్మ ఒంట్లో రక్తాన్ని ఆ కుండలో నీళ్ళనుకో. మందు ఆ నీళ్ళలో కలుస్తుంది. కుండకున్న చిల్లే మన కిడ్నీలు. మందును బయటి సరుకుగా లెక్కగట్టి, వడగట్టి, మూత్రంలో పంపించేస్తూనే ఉంటాయి. అది వాటి ధర్మం. అందుకని మనం ఎంత పోసినా మందు తగ్గుతూనే ఉంటుంది. నాన్నమ్మకు ఇచ్చిన లాంటి మందు గీతకు పైన ఉన్నంతసేపే క్రిముల మీద పనిచేస్తుంది. గీత దిగిందంటే, చావకుండా మిగిలినవి మళ్ళీ పిల్లలు పెట్టడం మొదలుపెడతాయి. నాన్నమ్మకు కిడ్నీలో చేరి రక్తంలోకి పాకిన క్రిమి పేరు ఈ-కోలి. ల్యాబులో మంచి తిండి దొరికితే అది ఇరవై నిమిషాలకు రెండవుతుంది. మనిషి ఒంట్లో అంత జోరు ఉండదులే. అయినా లెక్క వేసి చూడు: ఇరవై నిమిషాలకోసారి రెట్టింపైతే ఆరు గంటల్లో ఒక్కటి 2,62,144 అవుతుంది. నాన్నమ్మ మందు ఆరు గంటలకోసారి. రాత్రి ఎనిమిది తర్వాత రెండే వస్తుంది. పొద్దున్న ఎనిమిది దాకా ఆగితే సగం రాత్రి కుండ గీత కింద ఉన్నట్టే.

ఇది నా ఊహ కాదు. పెన్సిలిన్ కథ నిండా ఇదే ఉంది. 1928లో లండన్‌లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ బూజులో ఆ మందు జాడ పట్టాడని మీ పుస్తకంలో ఉంటుంది. దాన్ని మనిషికి పనికొచ్చేలా చేసింది ఆక్స్‌ఫర్డ్‌లో ఫ్లోరీ, చెయిన్, హీట్లీ అనే శాస్త్రవేత్తలు. ఆసుపత్రుల్లో మంచం మీది రోగులకు పెట్టే బెడ్‌పాన్లలో కూడా బూజు పెంచారు. 1941 ఫిబ్రవరిలో ఆల్బర్ట్ అలెగ్జాండర్ అనే పోలీసాయనకు ఆ మందు ఇచ్చారు. ముఖమంతా చీము పట్టి, ఒక కన్ను పోయి, ఇక దక్కడనుకున్న మనిషి. మందు పడ్డాక జ్వరం దిగింది, అన్నం రుచించింది. అయితే పెన్సిలిన్‌కు చిల్లు మహా పెద్దది, అరగంటకు సగం బయటికి పోతుంది. వాళ్ళు ఏం చేశారో తెలుసా? ఆయన మూత్రం పట్టి, అందులోంచి మందును మళ్ళీ తీసి, మళ్ళీ ఆయనకే ఎక్కించారు! కింద కారిన నీళ్ళు పట్టి కుండలో పోసినట్టు. ఐదు రోజులకు ఆ మందూ అయిపోయింది. జ్వరం తగ్గిన మనిషికి జబ్బు తిరగబెట్టి, మార్చిలో ప్రాణం పోయింది. "జ్వరం తగ్గింది కదా" అని నువ్వన్నప్పుడు నాకు గుర్తొచ్చింది ఆయనే.

ఇక టాబ్లెట్ ఎందుకు ఇవ్వలేదని చిన్నోడు అడిగాడు. చాలా జబ్బులకు టాబ్లెట్ చాలు. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వంలో 1948లో వచ్చిన ఆరియోమైసిన్ నోటితో మింగే మందే. కానీ మొదటి రోజు నాన్నమ్మకు తాగిన మంచినీళ్ళు కూడా నిలవలేదు, బీపీ పడిపోతోంది. అలాంటప్పుడు మాత్ర కడుపులో కరిగి, పేగు దాటి, రక్తంలో చేరేదాకా ఆగలేం. పైగా కొన్ని మందులు పొట్టలోని యాసిడ్‌కే విరిగిపోతాయి, కొన్ని పేగులోంచి లోపలికి పోనే పోవు. తిన్నగా రక్తనాళంలోకి పోస్తే కుండ వెంటనే నిండుతుంది. వాంతులు ఆగి, తిండి నిలిచాక, డాక్టరమ్మ తనే సూది మానిపించి మాత్రకు మార్చింది చూశావుగా.

మా కుండల్లో ఇంకో రకం ఉండేది. చిల్లు లేకుండా మెడ దాకా నేలలో పాతిపెట్టేది. మట్టి గోడలోంచి నీరు ఊరి వేళ్ళకు అందేది. సూదుల్లోనూ అలాంటిది ఉంది. నా క్లాసులో ఒకడికి కీళ్ళ జ్వరం వచ్చి గుండె కవాటం దెబ్బతింది. వాడు 21 రోజులకోసారి తుంటికి పెన్సిలిన్ సూది వేయించుకునేవాడు. ఆ రకం పెన్సిలిన్ కండలో గడ్డలా కూర్చుని వారాల తరబడి కొంచెం కొంచెంగా ఊరుతుంది. నొప్పి విపరీతం. కుంటుకుంటూ బడికి వచ్చేవాడు గానీ, ఒక్క తారీకు తప్పలేదు. అదే మందు పొరపాటున రక్తనాళంలోకి పోతే ప్రాణం పోవచ్చు. మందు పేరు ఒకటే అయినా, కండకా రక్తనాళానికా అన్నది చూడకుండా చెయ్యి వేయకూడదు.

అన్ని మందులకూ నా కుండ సరిపోదు, అదీ చెప్పాలి. జెంటామైసిన్, అమికాసిన్ అనే రకం ఉంది. వాటిని రోజుకు ఒక్కసారి గట్టిగా ఇచ్చి, తర్వాత బాగా దిగిపోనిస్తారు. దిగకుండా ఒంట్లో నిలిచిపోతే కిడ్నీలను, చెవులను పాడుచేస్తాయి. మరి కిడ్నీలే బలహీనపడితే? చిల్లులో మట్టి అడ్డుపడినట్టు, కిడ్నీల గుండా పోయే మందులు దిగడం ఆలస్యమవుతుంది. పాత లెక్కన పోస్తూ పోతే పొంగిపోతుంది. నాన్నమ్మకు రెండు రోజులకోసారి రక్తం తీసి క్రియాటినిన్ (కిడ్నీలు బయటికి పంపాల్సిన వ్యర్థం) ఎంతుందో చూసింది ఆ చిల్లు ఎలా ఉందో తెలుసుకోవడానికే. దాన్ని బట్టి డోసు మార్చారు.

మీరు వచ్చేసరికే మొదటి రోజు పని ఒకటి అయిపోయింది. మందు వేయక ముందే రెండు చేతుల నుంచీ రక్తం తీసి, క్రిములను పెంచి చూసే కల్చర్ సీసాల్లో పోశారు. ఏ క్రిమో, దానికి ఏ మందు పడుతుందో తేలడానికి రెండు మూడు రోజులు పడుతుంది. అంతదాకా ఆగితే మనిషి దక్కదు కాబట్టి చాలా రకాల క్రిముల మీద పనిచేసే పెద్ద మందు మొదలుపెట్టారు. మూడో రోజు రిపోర్టు రాగానే డాక్టరమ్మ ఆ పెద్ద మందు ఆపి, రోజుకోసారి వేసే సెఫ్ట్రియాక్సోన్‌కు మార్చింది. మీ నాన్న కంగారుపడ్డాడు, చిన్న మందుకు దించారేమిటని. నాకు మాత్రం ఆవిడ మీద గౌరవం పెరిగింది. చిన్నదానితో పోయేదానికి పెద్దది వాడుతూ పోతే రేపు పెద్దదానికీ లొంగని క్రిములు తయారవుతాయి. మందును చాలీచాలకుండా వాడినా క్రిములు దానికి లొంగకుండా తయారవుతాయని ఫ్లెమింగ్ 1945లో నోబెల్ బహుమతి అందుకున్నప్పుడే హెచ్చరించాడు.

ఆ నర్సమ్మ చేతులు గమనించావా? నేను మంచం పక్కన కూర్చుని అదే చూశాను. ముందు చేతులకు శానిటైజర్ రాసుకుంది. సీసా మీది పేరు, డోసు, తేదీ కేస్ షీటుతో సరిచూసుకుంది. సీసా మూత తీసి, లోపలి రబ్బరు బిళ్ళను స్పిరిట్ దూదితో తుడిచి, ఆరేదాకా ఆగింది. కొత్త సిరంజి చింపి తీసి, స్టెరైల్ నీళ్ళు లోపలికి పంపి, తెల్ల పొడి పూర్తిగా కరిగేదాకా కలిపింది. తర్వాత సీసాను లైటుకు ఎదురుగా ఎత్తి పట్టింది. ఒక్క నలుసు కనిపించినా ఆ సీసా పారేయాలి. కొన్ని మందులు కొన్ని సెలైన్లతో కలిస్తే లోపలే గడ్డకడతాయి. సెఫ్ట్రియాక్సోన్‌ను కాల్షియం ఉన్న సెలైన్‌లో కలపకూడదు. వ్యాంకోమైసిన్ అనే ఇంకో యాంటీబయాటిక్‌ను గంటకు తక్కువ కాకుండా నెమ్మదిగా ఎక్కించాలి, తొందరపడితే ఒళ్ళంతా ఎర్రబడి దురదలు వస్తాయి. పని అయ్యాక ఆవిడ సూదికి మళ్ళీ మూత పెట్టలేదు. పెట్టబోతేనే వేలికి గుచ్చుకుంటుంది. సూదిని కట్టర్‌లో తుంచి, తెల్ల డబ్బాలో పడేసింది.

ఇంత చాదస్తంగా ఎందుకు చూస్తానంటే, నాకు తొమ్మిదేళ్ళప్పుడు గొంతు నొప్పీ జ్వరమూ వచ్చాయి. మా పక్క ఊళ్ళో సూదులు వేసే ఒకాయన ఉండేవాడు. స్టీలు గిన్నెలో గాజు సిరంజి, సూది మరుగుతూ ఉండేవి. ఆ రోజు వరసలో చాలామంది ఉన్నారు. నా ముందు ముసలమ్మకు వేసిన సూదినే నీళ్ళలో ఒకసారి ముంచి తీసి నాకు పొడిచాడు. నేను చూశాను, అడగడానికి నోరు రాలేదు. వారానికి తుంటి మీద కోడిగుడ్డంత గడ్డ లేచింది. మా అమ్మ నన్ను బస్సులో పట్నం తీసుకొచ్చింది. నిలబడలేను, కూర్చోలేను, దారంతా ఆమె ఒళ్ళో బోర్లా పడుకున్నాను. కోసి చీము తీశారు. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. ఒక సూది, ఒక సిరంజి, ఒక్క మనిషికి ఒక్కసారి. ఎప్పుడైనా అనుమానం వస్తే "కొత్తది విప్పండి" అని అడగండి. పెద్దవాళ్ళను అలా అడగడం తప్పు కాదు.

ఇంకోటి కూడా అడగకుండానే చెప్పాలి. ఏ మందుకైనా ఇంతకు ముందు దద్దుర్లో, పెదవుల వాపో, ఆయాసమో వచ్చి ఉంటే సూది వేయక ముందే చెప్పాలి. అమ్మడూ, నీకు నాలుగేళ్ళప్పుడు ఒక పెన్సిలిన్ సిరప్‌తో ఒళ్ళంతా దద్దుర్లు వచ్చాయి. అమ్మను అడిగి నీ ఫైలు మొదటి పేజీలో ఎర్ర ఇంకుతో రాయించు. రియాక్షన్ వస్తే నిమిషాల్లో ముదురుతుంది. అప్పుడు తొడ కండకు అడ్రినలిన్ అనే మందు సూది వేయాలి. అది చేతికందేలా ఉన్నచోటే ఇలాంటి సూదులు వేయించుకోవాలి, వేశాక అరగంట అక్కడే కూర్చోవాలి. క్యాన్యులా ఉన్నచోట ఎర్రబడినా, ఉబ్బినా, మంట పుట్టినా వెంటనే చెప్పాలి. నాన్నమ్మ చెయ్యి వాచిందని ముందు కనిపెట్టింది చిన్నోడే. వాడు చెప్పబట్టే రెండో చేతికి మార్చారు.

జలుబుకు మాత్రం సూది అడగకండి. జలుబు, ఫ్లూ, డెంగీ వైరస్‌ల వల్ల వస్తాయి, యాంటీబయాటిక్ వాటిని ఏమీ చేయలేదు. డాక్టర్ రాసిన మందు మీ అంతట మీరు ఆపకండి, ఆపమన్నాక మిగిలింది దాచుకుని ఇంకొకరికి పెట్టకండి. ఇంట్లో మందుల డబ్బా తీసి చూడండి, కొన్ని స్ట్రిప్పుల మీద నిలువుగా ఎర్ర గీత ఉంటుంది. అది డాక్టర్ చీటీ లేకుండా వాడకూడదని చెప్పే గీత.

మీ అపార్ట్‌మెంట్‌లో మామిడి మొక్క లేదు, నాకు తెలుసు. ఒక పాత నీళ్ళ సీసా తీసుకోండి. నాన్నను అడిగి అడుగున సన్నటి చిల్లు పెట్టించి, అందులో నూలు పేలిక దోపండి. మధ్యలో పెన్నుతో గీత గీసి, బాల్కనీలో తులసి కుండీ మీద వేలాడదీయండి. ఆదివారం పొద్దున్న నింపి, నీళ్ళు గీత ఎన్ని గంటలకు దాటాయో రాసుకోండి. పేలిక వదులు చేసి ఒకసారి, బిగించి ఒకసారి చూడండి. ఆ మూడు టైములూ నాకు రాసి పంపండి. నాన్నమ్మ కూడా చూస్తానంటోంది.

మీ
తాతయ్య