శివరాత్రికి చలి పోయేది కింద ఊళ్ళలోనే: కొండ మీద తొలి రాత్రి - అపోహలు, వాస్తవాలు

శివరాత్రి వెళ్ళాక ఎండలు ముదిరే లోపు ఉండే నెలా నెలన్నర శ్రీకాకుళం జిల్లాలోని మా మందస వైపు కొండలకు చాలా మంచి కాలం. మోదుగ పూసి ఉంటుంది, కొన్ని గెడ్డల్లో (కొండవాగుల్లో) ఇంకా నీళ్ళు పారుతుంటాయి. పలాస, శ్రీకాకుళం, విజయనగరం నుంచి మొదటిసారి టెంట్‌లో పడుకుందామని వచ్చేవాళ్ళను నేను కొండలకు తీసుకెళ్తుంటాను. బయల్దేరే ముందు రోజు ఫోన్ చేసి వాళ్ళు అనే మాటలు దాదాపు ఒకేలా ఉంటాయి. వాటిలో కొన్ని నిజంగా ప్రాణం మీదికి తెచ్చేవి.

అపోహ: శివరాత్రికి చలి శివశివా అంటూ పోయింది కదన్నయ్యా, రగ్గులెందుకు?

ఆ సామెత పల్లంలో ఉండేవాళ్ళది. వెయ్యి మీటర్లు పైకెళ్తే సగటున 6.5 డిగ్రీల వేడి తగ్గుతుంది. ఒడిశా సరిహద్దు దాటగానే వచ్చే మహేంద్రగిరి శిఖరం ఎత్తు 1,501 మీటర్లు. పలాసలో రాత్రి 22 డిగ్రీలుంటే ఈ లెక్కన అక్కడ 12, 13 ఉంటుంది. గాలి వీస్తే ఒంటికి ఇంకా తక్కువగా తెలుస్తుంది. పగలు చెమటలు కక్కుతూ ఎక్కినవాళ్ళకు ఇది ఊహకు కూడా రాదు.

రగ్గు గురించైనా అడుగుతారు గానీ కింద పరుచుకునేదాని గురించి ఎవరూ అడగరు. పడుకున్న మనిషి ఒంటి వేడిని నేల లాగేసుకుంటుంది. పైన రెండు రగ్గులు కప్పుకుని కింద పల్చటి దుప్పటి వేసుకున్నవాడి కంటే, మందమైన ఫోమ్ మ్యాట్ మీద ఒక్క రగ్గుతో పడుకున్నవాడు హాయిగా నిద్రపోతాడు.

ఒకసారి నాతో వచ్చిన కుర్రాడు చెమటకు తడిసిన కాటన్ బనియన్‌తోనే పడుకుండిపోయాడు. రాత్రి రెండింటికి పళ్ళు టకటకలాడుతున్నాయి, మాట ముద్దగా వస్తోంది. పొడిబట్టలు మార్చి, ఇద్దరి మధ్య పడుకోబెట్టి, పంచదార ఎక్కువ వేసిన టీ తాగించాను. పక్కన ఎవరో "ఒక గుక్క మందు పొయ్యండి, వేడెక్కుతాడు" అన్నారు. నేను ఒప్పుకోలేదు. మందు తాగితే చర్మం కింది రక్తనాళాలు వెడల్పై లోపలి వేడి బయటికి పోతుంది. ఒళ్ళు వెచ్చబడినట్టు అనిపిస్తుందంతే, నిజానికి చల్లబడుతుంది. అప్పటి నుంచి రాత్రికని ఒక జత పొడిబట్టలు పాలిథిన్ కవర్లో విడిగా కట్టి తెచ్చుకోమని అందరికీ చెబుతున్నాను. ఎక్కేటప్పుడు వాన పడినా ఆ కవరు విప్పకూడదు.

అపోహ: చుట్టూ రాళ్ళు పెడితే మంట ఎక్కడికీ పోదు

ఈ నెలల్లో కొండంతా ఎండుటాకే. ఒక్క నిప్పురవ్వ గాలికి ఎగిరితే రాళ్ళు ఏం ఆపుతాయి? మంట పైన ఉన్న ఆకును ముందే వేడిచేస్తుంది కాబట్టి ఏటవాలులో పైకి చాలా వేగంగా పాకుతుంది, మనిషి పరుగు చాలదు. ఇప్పపువ్వు ఏరుకోవడానికి చెట్టు కింద ఆకు కాల్చేవాళ్ళూ, పోడు కాల్చేవాళ్ళూ ఈ రోజుల్లోనే ఉంటారు. కింద పొగ కనబడితే పైకి పరుగెత్తవద్దు. పక్కకు తప్పుకుని, ఆకు లేని బండ మీదికో ఇదివరకే కాలిపోయిన నేల మీదికో వెళ్ళాలి. నేను చలిమంట వేయనివ్వను. వంటకు చిన్న గ్యాస్ స్టవ్ చాలు, అదీ కింద ఆకు ఊడ్చేశాకే. రిజర్వు ఫారెస్టులో రాత్రి ఉండాలంటే అటవీశాఖ అనుమతి ముందే తీసుకోవాలి.

అపోహ: ఎండిన గెడ్డలో ఇసుక మెత్తగా ఉంటుంది, టెంట్‌కు అదే మంచి చోటు

మెత్తగా ఉండే మాట నిజమే. మార్చి నుంచి మధ్యాహ్నం దాటాక కొండల మీద ఉరుముల మబ్బులు కడతాయి. మీ నెత్తిన చుక్క పడకపోయినా పైన కురిసిన వాన గెడ్డలోకి ఒక్కసారిగా దిగొచ్చేస్తుంది. రాత్రి చల్లగాలి కూడా పల్లంలోకే జారుతుంది, జంతువులు నీళ్ళకొచ్చే దారీ అదే. గట్టు ఎక్కి, కాస్త ఎత్తులో వేసుకోండి. కొండ అంచు మీద మాత్రం వద్దు. ఉరుము వినబడితే శిఖరం, ఒంటరి చెట్టు రెండూ వదిలి కిందికి దిగాలి. టెంట్ గుడ్డ పిడుగును ఆపలేదు. ఆఖరి ఉరుము తర్వాత అరగంట ఆగి కదలాలి. పిడుగుల హెచ్చరిక ఇచ్చే దామిని యాప్‌ను సిగ్నల్ ఉన్న ఊళ్ళోనే చూసుకుని ఎక్కండి.

అపోహ: అడవి జంతువులు పైన అడవిలోనే ఉంటాయి, కింద జీడితోటలో భయం లేదు

జీడితోటలు ఎక్కువగా ఉండే మా ఉద్దానం ప్రాంతంలో పుట్టినవాళ్ళెవరూ ఈ మాట అనరు. జీడిపండు రాలే రోజుల్లో ఎలుగుబంటి తోటల్లోకే వస్తుంది. ఇప్పచెట్టు కిందా అంతే. ఈ రెండు చెట్ల కింద టెంట్ వేయకండి, తినేవి టెంట్‌లో పెట్టుకుని పడుకోకండి. తెల్లవారుజామునా మసక చీకట్లోనూ నడవాల్సి వస్తే గట్టిగా మాట్లాడుకుంటూ నడవండి. పార్వతీపురం వైపు వెళ్ళేవాళ్ళు ఏనుగుల గుంపు ఎక్కడుందో దగ్గరి ఊళ్ళో అడిగాకే కదలాలి.

అపోహ: టెంట్ చుట్టూ ఉప్పో ఫినాయిలో చల్లితే పాము రాదు

వస్తుంది. జిప్పు పూర్తిగా వేసుకోవడమే మందు. కట్లపాము రాత్రి నిద్రలో కాటేస్తే నొప్పి కూడా తెలియకపోవచ్చు. పొద్దున్నే కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం కనిపిస్తే కోయడం, గట్టిగా కట్టడం వద్దు. నడిపించకుండా మోసుకొచ్చి, 108కి ఫోన్ చేసి, పాము విషానికి మందు ఉన్న ఆసుపత్రికి చేర్చండి.

అపోహ: గెడ్డ నీళ్ళు అద్దంలా ఉన్నాయి, తాగితే ఏమవుతుంది?

పైన పశువులు దిగాయో లేదో మీకు కనబడదు. బుడగలొచ్చేలా ఒక నిమిషం మరిగించండి, లేదా క్లోరిన్ బిళ్ళ వేసి అరగంట ఆగండి.

ఇంకొకటి. తేట నీళ్ళలో దోమ పెరగదనుకుంటారు. మన కొండల్లో మలేరియా దోమల్లో ఒక రకం మెల్లగా పారే శుభ్రమైన నీళ్ళలోనే గుడ్లు పెడుతుంది. దోమతెర, ఒంటికి రాసుకునే క్రీము రెండూ సంచిలో ఉండాలి. ఇంటికొచ్చిన వారం, రెండు వారాల తర్వాత జ్వరం తగిలితే కొండలో తిరిగినందుకు వచ్చిన నీరసమని మాత్ర వేసుకుని ఊరుకోవద్దు. కొండ ప్రాంతంలో పడుకున్నానని డాక్టరుకు చెప్పి అదే రోజు రక్తపరీక్ష చేయించుకోండి.