సముద్రంలో గెనిమ

చిన్నోడికి, పాపకు తాత ఆశీస్సులు.

మొన్న మిద్దెక్కి శ్రీహరికోట రాకెట్టు చూస్తా చిన్నోడు అడిగినాడు, "తాతా, సముద్రంలో మన దేశం యాడ అయిపోతుంది? ఆడ మన చేలగట్టు లాగా గెనిమ ఉంటుందా?" అని. నేను ఆలోచించేలోపే నిద్రపోయినాడు. అందుకే ఈ జాబు.

ఒడ్డు నుంచి 12 నాటికల్ మైళ్లు అచ్చంగా మన సముద్రం. 200 నాటికల్ మైళ్ల దాకా, అంటే 370 కిలోమీటర్లు, చేపలూ అడుగునున్న చమురూ మనవే. అది దాటితే చేపలు అందరివీ. కానీ మన నేలే నీళ్ల కింద ఇంకా సాగిందని కొలిచి చూపిస్తే, ఆ అడుగు నేల మీద హక్కు మనకే.

మరి అడుగు కనపడేదెట్లా? మీరు దుప్పటి ముసుగేసుకుని పడుకుంటారే! తీయకుండానే తల యాడుందో, మోకాలు యాడుందో మీ అవ్వ చెప్పేస్తుంది. సముద్రమూ దుప్పటే. అడుగున 2,000 మీటర్ల కొండ ఉంటే పైన నీళ్లు 2 మీటర్ల దాకా ఉబ్బుతాయి. ఆ ఉబ్బు కిలోమీటర్ల కొద్దీ పరుచుకుని ఉంటుంది కాబట్టి పడవలో పోయేవాళ్లకు తెలీదు. 2013 ఫిబ్రవరి 25 సాయంత్రం మన శ్రీహరికోట నుంచే పోయిన సరళ్ ఉపగ్రహం, సుమారు 800 కిలోమీటర్ల పైనుంచి రాడార్ తరంగం వేసి, అది తిరిగొచ్చే టైమును బట్టి సెంటీమీటర్ల తేడా కూడా పట్టేది. దుప్పటి పోలిక ఇక్కడ కొంచెం చినుగుతుందిలే. మోకాలు దుప్పటిని పైకి నెడుతుంది, కొండ మాత్రం చుట్టుపక్కల నీళ్లను తన మీదికి లాక్కుంటుంది.

మన బంగాళాఖాతంలో ఇంకో చిక్కు. గంగ, బ్రహ్మపుత్ర తెచ్చిన ఒండ్రు కిలోమీటర్ల మందాన పేరుకుంది. దుప్పటి కింద బొంతలన్నమాట! అందుకే ఉపగ్రహం జాడ మాత్రం చెప్తుంది. ఓడలు పోయి, శబ్దం పంపి, లెక్క తేల్చాల. అట్లా కొలిచిన పత్రాలతోనే 2009లో మన దేశం, సముద్రం అడుగు హద్దులు చూసే ఐక్యరాజ్యసమితి కమిషన్ ముందుకు పోయింది.

నా చిన్నప్పుడు మా చెనక్కాయల చేనుకూ పెదనాయన చేనుకూ నడుమ గెనిమ ఏడాదికింత జరిగేది. మాటలు కూడా నిలిచిపోయినాయి. సర్వేయరు గొలుసు లాగి ఒక చోట తవ్వమన్నాడు. మూరెడు లోతున రాయి! మా నాయన చెంబుతో నీళ్లు పోసి కడిగితే గీతలు తేలినాయి. పెదనాయన దాన్ని చేత్తో తడిమి, ఏమీ అనకుండా మా ఇంటికొచ్చి సంగటి తిన్నాడు. పైన గెనిమ జరిగినా కింద రాయి జరగలేదు చూడండి.

ఈ రాత్రి చిన్నోడు ముసుగేసినాక, పాపా, దుప్పటి మీద చెయ్యి ఆనించి మోకాలు యాడుందో కనుక్కో. లేపొద్దు.

మీ తాత,
తిరుపతి