క్రియాటిన్‌లో ఏ రకం కొనాలి? షాపులో చెప్పే అపోహలు, అసలు వాస్తవాలు

“మేడమ్, మోనో వాడితే ఒళ్ళు ఉబ్బుతుందట. హెచ్‌సీఎల్‌కి మారమని మా ట్రైనర్ అన్న చెప్తున్నాడు. మారమంటారా?”

స్పోర్ట్స్ న్యూట్రిషన్ పనిలో ఉన్న నన్ను ఈమధ్య జిమ్‌కి వెళ్ళే పిల్లలు తరచుగా అడుగుతున్న ప్రశ్న ఇది. వాళ్ళు అనే మోనో (మోనోహైడ్రేట్), హెచ్‌సీఎల్ (హైడ్రోక్లోరైడ్) రెండూ కండబలం కోసం వాడే క్రియాటిన్ పొడిలో రకాలు. నా జవాబు ముందే చెప్పేస్తాను: మారొద్దు. క్రియాటిన్ కొనాలనుకుంటే మామూలు మోనోహైడ్రేట్ పొడి కొనండి, మిగిలిన డబ్బు గుడ్లకో, పాలకో, పప్పులకో పెట్టుకోండి. ఎందుకంటున్నానో ఒక్కో మాటా విడదీసి చెప్తాను.

క్రియాటిన్ కొత్తగా కనిపెట్టిన మందేమీ కాదు. 1832లోనే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త షెవ్రోల్ దాన్ని మాంసం నుంచి వేరుచేశాడు. మన ఒంట్లో కూడా రోజుకు సుమారు 1 గ్రాము తయారవుతుంది, మాంసం, చేపలు తినేవాళ్ళకు ఇంకొంత తిండి ద్వారా అందుతుంది. ఒంట్లో ఉన్నదాంట్లో దాదాపు 95 శాతం కండరాల్లోనే ఉంటుంది. బరువు ఎత్తినప్పుడు, ఒక్క ఊపున పరిగెత్తినప్పుడు మొదటి కొన్ని సెకన్లలో ఖర్చయ్యే శక్తిని వెంటనే తిరిగి నింపేది ఇదే. డబ్బా మీద ఏ పేరున్నా చివరికి కండరంలోకి చేరేది ఈ ఒక్క పదార్థమే. కొత్త రకాల ప్రచారమంతా దీన్ని మనకు గుర్తురానివ్వదు.

అపోహ: హెచ్‌సీఎల్ నీళ్ళలో ఇట్టే కరుగుతుంది కాబట్టి ఒంటికి బాగా పడుతుంది, ముప్పావు గ్రాము చాలు.

కరుగుతుందన్న మాట నిజమే. మోనోహైడ్రేట్ చల్లని నీళ్ళలో సరిగ్గా కరగదు, గ్లాసు అడుగున సన్నని ఇసుకలా మిగులుతుంది. హెచ్‌సీఎల్ అయితే రెండు తిప్పులకే కనపడకుండా పోతుంది, పుల్లగా ఉంటుంది. కానీ గ్లాసులో కరగడం, ఒంట్లోకి చేరడం రెండూ వేర్వేరు సంగతులు. మామూలు మోతాదులో తాగిన మోనోహైడ్రేట్ దాదాపు మొత్తం పేగుల ద్వారా రక్తంలోకి చేరుతుంది. దాదాపు మొత్తం చేరుతున్నప్పుడు అంతకంటే బాగా చేరడానికి మిగిలిందేముంది? పైగా హెచ్‌సీఎల్ అంటే క్రియాటిన్‌కి హైడ్రోక్లోరిక్ ఆమ్లం జతచేసినది. మన కడుపులో ఉన్నదీ ఆ ఆమ్లమే. మోనోహైడ్రేట్ అక్కడికి వెళ్ళగానే దాంతోనే కలుస్తుంది.

ఇప్పుడు లెక్క చూడండి. నేను మరీ మరీ చెప్పేది ఇక్కడే. మోనోహైడ్రేట్‌లో బరువు ప్రకారం సుమారు 88 శాతం క్రియాటిన్, మిగతాది నీరు. హెచ్‌సీఎల్‌లో సుమారు 78 శాతమే. 3 గ్రాముల మోనోలో 2.6 గ్రాముల పైచిలుకు క్రియాటిన్ వస్తుంది. హెచ్‌సీఎల్ డబ్బాలో ఇచ్చే 750 మిల్లీగ్రాముల చిన్న స్కూప్‌లో వచ్చేది 0.6 గ్రాము కూడా ఉండదు. మోనోతో సమానం కావాలంటే అలాంటి స్కూపులు రోజుకు నాలుగున్నర వేసుకోవాలి. అంటే “60 సర్వింగ్స్” అని రాసిన డబ్బా 13 రోజులకే అయిపోతుంది. 250 గ్రాముల మోనో ప్యాకెట్ రోజుకు 3 గ్రాముల చొప్పున 80 రోజులు దాటి వస్తుంది. ఈసారి షాపుకి వెళ్ళినప్పుడు ధరను సర్వింగ్‌ల సంఖ్యతో భాగించకండి. డబ్బాలో అసలు క్రియాటిన్ ఎన్ని గ్రాములుందో చూసి దాంతో భాగించండి. ఏది చవకో, ఏది ఖరీదో అక్కడే తేలిపోతుంది.

అడుగున మిగిలే పొడి ఇబ్బందిగా ఉంటే గోరువెచ్చని నీళ్ళలో కలపండి, చాలావరకు కరిగిపోతుంది. అడుగున మిగిలినదాంట్లో ఇంకాసిన్ని నీళ్ళు పోసి అదీ తాగేయండి. పారబోస్తే పోయేది మీ డోసే. మజ్జిగలో, పాలలో, టీలో కలుపుకున్నా పర్వాలేదు. కలిపి గంటల తరబడి పక్కన పెట్టకుండా వెంటనే తాగితే చాలు.

అపోహ: మైక్రోనైజ్డ్ అంటే వేరే రకం, పవర్ ఎక్కువ.

మోనోహైడ్రేట్‌నే ఇంకా మెత్తగా పొడి చేస్తారు, అంతే. కాస్త తొందరగా కలుస్తుంది. ధరలో పెద్ద తేడా లేకపోతే కొనుక్కోవచ్చు.

అపోహ: కడుపులోని ఆమ్లం మోనోని పాడు చేస్తుంది, అందుకే బఫర్డ్ కావాలి.

క్రీ-ఆల్కలిన్ లాంటి బఫర్డ్ రకాలను, అంటే ఆమ్లాన్ని తట్టుకునేలా క్షారం కలిపినవాటిని, ఈ మాట మీదే అమ్ముతారు. క్రియాటిన్ నీళ్ళలో చాలాసేపు నిలవ ఉంటే మెల్లగా క్రియాటినిన్ అనే పనికిరాని పదార్థంగా మారడం నిజమే. అయితే కడుపులో ఉండే గాఢమైన ఆమ్లంలో ఈ మార్పు దాదాపు ఆగిపోతుంది, పైగా అది అక్కడ ఉండేది కొద్దిసేపే. 2012లో బరువులెత్తే అలవాటున్న 36 మందిని మూడు జట్లుగా చేసి 28 రోజులు పరీక్షించారు. ఒక జట్టుకు మోనో, మిగతా రెండింటికీ బఫర్డ్. కండరంలో చేరిన క్రియాటిన్‌లో గానీ, బలంలో గానీ బఫర్డ్ ముందుకు రాలేదు. ఎక్కువ ధర పెట్టడానికి కారణం నాకు కనిపించలేదు.

ఈథైల్ ఎస్టర్ సంగతి ఇంకా అన్యాయం. ఒకప్పుడు అన్నిటికంటే గొప్పదని అమ్మిన రకం ఇది. 2009లో మోనోతో పోల్చి చూస్తే, వాడినవాళ్ళ రక్తంలో క్రియాటినిన్ పెరిగింది, కండరంలో మాత్రం మోనోని మించి చేరలేదు. పాత స్టాకు, సగం ధర అని ఎవరైనా చేతిలో పెట్టినా తీసుకోకండి. మాలేట్, సిట్రేట్, నైట్రేట్ రకాలకు కూడా మోనోని మించి పనిచేస్తాయనడానికి ఆధారం లేదు.

అపోహ: మోనోతో ఒళ్ళు ఉబ్బుతుంది, వేరే రకాలతో ఉబ్బదు.

క్రియాటిన్ కండర కణాల్లోకి చేరేటప్పుడు కొంత నీటిని వెంట తీసుకెళ్తుంది. అది రకాన్ని బట్టి మారేది కాదు, కండరం నిండితే జరిగేదే. కండరం త్వరగా నిండాలని మొదటి వారం రోజుకు 20 గ్రాములు తీసుకునేవాళ్ళకు (దీన్నే లోడింగ్ అంటారు) ఒకటి రెండు కిలోలు పెరగడం మామూలు. ఆ నీరు కండరం లోపల ఉంటుంది, ముఖం ఉబ్బడం, పాదాలు వాయడం దీని లక్షణాలు కావు. అలా ఉంటే డాక్టరుకి చూపించుకోండి. హెచ్‌సీఎల్‌తో “ఉబ్బు రాలేదు” అనేవాళ్ళు చాలామంది దాన్ని అర గ్రాము, ముప్పావు గ్రాము చొప్పున వాడుతుంటారు. కండరం నిండనేలేదు, బరువెలా పెరుగుతుంది?

లోడింగ్ తప్పనిసరి అనుకోవడం కూడా పొరపాటే. 1996 నాటి పరిశోధన ఒకటి ఈ విషయం తేల్చేసింది. 6 రోజులు 20 గ్రాముల చొప్పున తీసుకున్నా, 28 రోజులు 3 గ్రాముల చొప్పున తీసుకున్నా కండరం దాదాపు ఒకే స్థాయికి నిండుతుంది. తొందర లేనివాళ్ళకు నేను రెండో దారే చెప్తాను. ఒకేసారి 10 గ్రాములు మింగి కడుపు పాడైందని మోనోని తిట్టుకునేవాళ్ళున్నారు. 3 నుంచి 5 గ్రాములు భోజనంతో పాటు తీసుకుంటే చాలామందికి ఆ బాధ ఉండదు.

పోలీసు ఉద్యోగాలకు తయారయ్యే పిల్లలకు ఒక మాట. 1600 మీటర్ల పరుగు దగ్గర పడ్డాక క్రియాటిన్ మొదలుపెట్టకండి, లోడింగ్ అసలు వద్దు. ఇది బాగా పనికొచ్చేది ఊపు మీద చేసే పనులకు, అంటే బరువులకు, స్ప్రింట్‌లకు, షాట్‌పుట్ సాధనకు. అంత దూరం పరుగులో కొత్తగా పెరిగిన ఒకటి రెండు కిలోలు మీకే భారం.

అపోహ: గమ్మీలైనా, పొడైనా ఒకటే, తినడానికి సులువు.

గమ్మీ తయారీలో వేడి, నీరు, పులుపు మూడూ ఉంటాయి. క్రియాటిన్‌ని పాడుచేసేవి ఇవే. జాగ్రత్తగా తయారుచేయకపోతే లేబుల్ మీద రాసినంత లోపల మిగలదు. సరిగ్గా తయారైనవే అనుకున్నా 3 గ్రాముల కోసం చాలా రకాల్లో మూడు నాలుగు నమలాలి, దాంతోపాటు చక్కెర కూడా పోతుంది. ముందే నీళ్ళలో కలిపి సీసాల్లో అమ్మే క్రియాటిన్‌కి కూడా నిలవ సమస్య తప్పదు. పొడి రూపంలో మాత్రం తడి తగలకుండా ఉంటే ఏళ్ళ తరబడి చెడదు. తడి చెంచా డబ్బాలో పెట్టకండి.

అపోహ: మోనోతో కిడ్నీ రిపోర్టు పాడవుతుంది, ఖరీదైన రకాలు సేఫ్.

ఏ రకం వాడినా రక్తపరీక్షలో క్రియాటినిన్ కాస్త పెరిగి కనిపించవచ్చు. క్రియాటిన్ ఖర్చయితే మిగిలేది అదే కాబట్టి. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలో అది కిడ్నీ దెబ్బతిన్నదనడానికి గుర్తు కాదు. అయితే డాక్టరుకి ఆ సంగతి తెలియాలి, అందుకే పరీక్షకు ముందే “క్రియాటిన్ వాడుతున్నాను” అని చెప్పండి. అనుమానముంటే కిడ్నీల పనితీరు తెలిపే సిస్టాటిన్-సీ అనే మరో రక్తపరీక్ష రాస్తారు, దాని మీద క్రియాటిన్ ప్రభావం ఉండదు. ముందే కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు మాత్రం డాక్టరు ఒప్పుకోకుండా ఏ రకమూ ముట్టుకోవద్దు. ఈ విషయంలో నేను ఎవరికీ మినహాయింపు ఇవ్వను.

అపోహ: క్రియాటిన్ మాంసం నుంచి తీస్తారు, శాకాహారులకు పనికిరాదు.

ఇప్పుడు మార్కెట్లో ఉన్న పొడిని సార్కోసిన్, సయనమైడ్ అనే రసాయనాలతో ఫ్యాక్టరీలో తయారుచేస్తారు, మాంసంతో సంబంధం లేదు. తిండిలో క్రియాటిన్ దాదాపు అందదు కాబట్టి శాకాహారుల కండరాల్లో నిల్వ తక్కువ, వాళ్ళకు దీంతో వచ్చే మార్పు ఎక్కువగానే ఉంటుంది. క్యాప్సూల్స్ కొంటే మాత్రం పైన ఉండే గుల్ల జెలటిన్‌దేమో చూసుకోండి, ఆకుపచ్చ చుక్క ఉంటే సరే.

రకం గురించి పెట్టే శ్రద్ధ శుద్ధత మీద పెట్టండి. తయారీ సరిగ్గా లేకపోతే డైసయనడైమైడ్, డైహైడ్రోట్రయజీన్ లాంటి మలినాలు మిగిలిపోతాయి. డబ్బా మీద 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్స్ నంబరు, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ చూడండి. పదార్థాల జాబితాలో “క్రియాటిన్ మోనోహైడ్రేట్” అన్న ఒక్క పేరే ఉండాలి. “బ్లెండ్”, “మ్యాట్రిక్స్” అని రాసి ఏది ఎంతో చెప్పని డబ్బాని అక్కడే వదిలేయండి. జర్మనీలోని ట్రోస్ట్‌బర్గ్‌లో తయారయ్యే క్రియాప్యూర్ ముడిసరుకుకి శుద్ధత విషయంలో మంచి పేరుంది, కానీ బ్యాచ్ వారీగా ల్యాబ్ రిపోర్టు చూపించే మామూలు మోనో దొరికితే నేను దానికీ సరేనంటాను. రాష్ట్ర, జాతీయ స్థాయిలో ఆడేవాళ్ళు ఇంకో మెట్టు జాగ్రత్తగా ఉండాలి. ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ (WADA) నిషేధిత జాబితాలో క్రియాటిన్ లేదు, కానీ అదే ఫ్యాక్టరీలో వేరే సరుకు కలిసిపోయిన డబ్బా మిమ్మల్ని డోప్ పరీక్షలో ఇరికించగలదు. నిషేధిత పదార్థాల కోసం పరీక్షించారని తెలిపే ఇన్‌ఫార్మ్‌డ్ స్పోర్ట్ లాంటి గుర్తు ఉన్న బ్యాచే కొనండి, డబ్బా ఖాళీ అయ్యాక కూడా బిల్లు, బ్యాచ్ నంబరు ఫొటో ఫోన్‌లో ఉంచుకోండి.